ఒకే నోటుపుస్తకం, రెండు చేతివ్రాతలు

వానప్రస్థానికి బయలుదేరే గృహస్థుకు మనుస్మృతి రెండు దారులు చూపింది. భార్యను కొడుకులకు అప్పగించి వెళ్ళవచ్చును, లేదా వెంటబెట్టుకొని వెళ్ళవచ్చును. ఆవిడ ఇష్టం ఏమిటన్న ప్రస్తావన ఆ శ్లోకంలో లేదు. ఇప్పుడు అడవులకు వెళ్ళేవారు లేరు గాని, ఉద్యోగ విరమణ ఉన్నది, దానితోబాటు వచ్చే తీరిక ఉన్నది. ఆయన పూలమొక్కలు తెస్తారు, నీళ్ళు ఆవిడ పోస్తుంది. ఆయన ఇంట్లో సాహిత్యగోష్ఠి పెడతారు, కాఫీలు ఆవిడ అందిస్తుంది. చూసినవారు "దంపతులిద్దరికీ ఎంత చక్కని వ్యాపకమో!" అంటారు. అది నిజంగా ఎంతవరకు ఇద్దరిదీ? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు లండన్ శివార్లలోని టల్స్ హిల్‌లో ఒకప్పుడు కాపురమున్న ఒక జంట గుర్తుకు వస్తుంది.

భర్త విలియం హగ్గిన్స్ (1824–1910). పట్టుబట్టల వ్యాపారం చేసే కుటుంబంలో పుట్టాడు. విశ్వవిద్యాలయ పట్టా లేదు. దుకాణాన్ని వదిలించుకొని, 1856లో ఇంటి ఆవరణలోనే ఒక వేధశాల కట్టుకున్నాడు. ఉద్యోగం కోసం కాదు, కేవలం సరదా కోసం. ఆ సరదాయే 1864లో ఒక పెద్ద చిక్కుముడిని విప్పింది. కాలేయ నక్షత్రరాశిలోని ఒక నీహారిక కాంతిని వర్ణపటదర్శినితో విడదీసి చూసి, అది నక్షత్రాల గుంపు కాదు, వెలుగుతున్న వాయువు అని తేల్చాడు.

ఈయనకూ మనకూ కొంత చుట్టరికం కూడా ఉన్నది. 1868 ఆగస్టు 18నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ మన గుంటూరులో పరిశీలించాడు. సూర్యుని అంచున ఎగసే జ్వాలలను గ్రహణం లేనప్పుడు కూడా వర్ణపటదర్శినితో పట్టవచ్చునని గ్రహించి, మరునాడే పట్టి చూపాడు. అదే ప్రయత్నంలో అక్కడ లండన్‌లో హగ్గిన్స్ కూడా ఉన్నాడు. 1869 ఫిబ్రవరిలో ఆయన పరికరపు చీలికను వెడల్పు చేసి, ఆ జ్వాల ఆకారాన్ని మొత్తంగా చూడగలిగాడు.

1875లో, తన యాభై ఒకటవ ఏట, ఆయన డబ్లిన్‌కు చెందిన మార్గరెట్ లిండ్సే మర్రేను పెళ్ళాడాడు. ఆమెకు ఇరవై ఏడేళ్ళు. అంటే వార్ధక్యం ఆ ఇంటికి ఇద్దరికీ ఒకేసారి రాలేదు. అయినా ఆమె వట్టి చేతులతో రాలేదు. చిన్నతనంలో తాతగారు నక్షత్రరాశులను గుర్తుపట్టడం నేర్పారు. ఒక పత్రికలో వ్యాసం చదివి చిన్న వర్ణపటదర్శినిని తానే తయారు చేసుకున్నదని చెబుతారు. ఛాయాచిత్రకళ కూడా తెలుసు.

ఈ చివరి సంగతే ఆ ఇంటి చరిత్రను మార్చింది. హగ్గిన్స్ 1863లోనే నక్షత్ర వర్ణపటాలను ఫోటో తీయబోయి విఫలుడయ్యాడు. ఆనాటి తడి పలకలు కొద్ది నిమిషాల్లోనే ఆరిపోయేవి. నక్షత్రపు పలుచని వెలుగుకు అంత తక్కువ సమయం చాలదు. మార్గరెట్ వచ్చిన మరుసటి సంవత్సరం, 1876లో, వేధశాల నోటుపుస్తకంలో ఆమె చేతివ్రాత మొదలవుతుంది. పొడి జెలటిన్ పలకలు వాడుకలోకి వచ్చాయి. అభిజిత్ నక్షత్రపు కాంతిలో కంటికి కనబడని అతినీలలోహిత భాగంలోని హైడ్రోజన్ రేఖలు ఆ పలకల మీదనే దొరికాయి.

మబ్బు పట్టిన రాత్రులకూ ఆ ఇంట్లో పని ఉండేది. ఆయన వయొలిన్ వాయించేవాడు. అంతటితో ఊరుకోక, వయొలిన్ కడుపులో నిలబెట్టే చిన్న కర్రముక్క చేసే పనేమిటో 1883లో రాయల్ సొసైటీకి పరిశోధన వ్యాసం సమర్పించాడు. ఆమె ఇటలీకి చెందిన వయొలిన్ శిల్పి మజ్జీని మీద 1892లో ఒక గ్రంథమే వెలువరించింది. బొమ్మలు వేసేది. ప్రాచీన ఖగోళ యంత్రమైన ఆస్ట్రోలేబ్ గురించి వ్యాసాలు వ్రాసింది. గమనించండి: ఒకే వాద్యం, కాని ఆయన ప్రశ్న వేరు, ఆమె ప్రశ్న వేరు. పంచుకున్న వ్యాపకమంటే ఇదేనని నా అభిప్రాయం.

అయితే నక్షత్రాల విషయంలో లోకం దీనిని వెంటనే ఒప్పుకోలేదు. పెళ్ళి తరువాత పధ్నాలుగేళ్ళపాటు పరిశోధన పత్రాలన్నీ ఆయన పేరు మీదనే వెలువడ్డాయి. 1889లో, ఓరియన్ నీహారిక మీద వచ్చిన పత్రంలో గాని, ఇద్దరి పేర్లూ కలిసి కనబడలేదు. ఆ తరువాత 1899లో, ఆయనకు డెబ్బై అయిదేళ్ళ వయసులో, నక్షత్ర వర్ణపటాల బృహద్గ్రంథం ఇద్దరి పేరునా అచ్చయింది. రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ స్త్రీలను ఫెలోలుగా చేర్చుకోవడం 1916లో గాని మొదలుకాలేదు. మార్గరెట్‌కు 1903లో దక్కినది గౌరవ సభ్యత్వం మాత్రమే. 1915లో ఆమె కన్నుమూసింది.

చాలాకాలం చరిత్ర ఆమెను "భర్తకు చేదోడు" అనే ఒక్క మాటతో సరిపెట్టింది. ఆమె కూడా ఆ మాటను కాదనలేదు. వాస్తవం నోటుపుస్తకాలలో ఉన్నది. బార్బరా బెకర్ అనే చరిత్రకారిణి వాటిని ఓపికగా చదివి, 2011లో వెలువరించిన గ్రంథంలో, ఆ ఇంటి పరిశోధన ఏ దారి పట్టాలో నిర్ణయించడంలో మార్గరెట్‌కు సమాన భాగం ఉన్నదని చూపింది. ఆ పుస్తకాలను మార్గరెట్ తన మరణశాసనం ద్వారా అమెరికాలోని వెల్లెస్లీ మహిళా కళాశాలకు ఇచ్చింది. తన చేతివ్రాత ఆడపిల్లలు చదువుకునే చోట భద్రంగా ఉండాలనుకున్నదేమో!

1908లో, ఆయనకు ఎనభై నాలుగో ఏట, రాయల్ సొసైటీవారి దూరదర్శినులను వారికే తిరిగి ఇచ్చివేశారు. అవి కేంబ్రిడ్జికి తరలిపోయాయి. అప్పటికి ముప్పై మూడేళ్ళ సహవాసం.

మలివయసులో దంపతులకు వ్యాపకం ఉండాలని అందరూ చెబుతారు. ఎవరూ కాదనరు. నేను అడిగేది ఇంకొక్కటే. ఆ వ్యాపకంలో ఆవిడకు తనదైన ప్రశ్న ఒకటి ఉన్నదా? కాఫీ కలపడం కాకుండా, నోటుపుస్తకంలో వ్రాసే వంతు ఆవిడకు వస్తున్నదా? మీ ఇళ్ళలో వస్తున్నట్లయితే, ఆ పుస్తకాన్ని జాగ్రత్త చేయండి. తరువాతివారు చదువుకుంటారు.