తోట లేని గార్డెన్

ఈసారి వంటల గురించి కాదు, కొంచెం చరిత్ర రాస్తున్నాను. పెద్ద వాక్యాలు నాకింకా కష్టమే. అందుకే చిన్న చిన్న వాక్యాల్లో చెప్తాను.

పోయిన నెల నేను, నాన్న న్యూయార్క్‌లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌కి బాస్కెట్‌బాల్ ఆట చూడటానికి వెళ్ళాం. మాది న్యూజెర్సీలో ఎడిసన్. అక్కడ రైలెక్కి పెన్ స్టేషన్‌లో దిగాం. ఆ స్టేషన్ భూమి కింద ఉంటుంది. సరిగ్గా దాని నెత్తిమీద గార్డెన్ ఉంటుంది. నాన్న చాలా ఏళ్ళు ఆ రైల్లోనే ఆఫీసుకి వెళ్ళారు. కానీ పైకి ఎక్కి గార్డెన్ లోపల చూడటం ఆయనకి ఇదే మొదటిసారి.

లోపలికి వెళ్ళాక ఎస్కలేటర్లు ఎక్కుతూనే ఉన్నాం. ఆడే చోటు కూడా మేడ మీదే ఉంది! భవనం గుండ్రంగా ఉంటుంది. పైకప్పుని ఉక్కు తాళ్ళు పట్టుకుని ఉంటాయి. మధ్యలో ఒక్క స్తంభం కూడా లేదు. దాదాపు 20 వేల మంది ఒకేసారి అరిస్తే నా కుర్చీ కూడా వణికింది.

ఆట మధ్యలో నాన్నని అడిగాను. "నాన్నా, ఇక్కడ మాడిసన్ స్క్వేర్ లేదు. తోట కూడా లేదు. మరి ఆ పేరెందుకు?"

నాన్న నవ్వారు. "మన ఇంటిపేరు ఒక ఊరి పేరే కదమ్మా. ఆ ఊళ్ళో మనకి ఇల్లుందా?"

నిజమే. మా తాతయ్య వాళ్ళ తాతయ్యే ఆ ఊరు వదిలేసి తెనాలి వచ్చేశారట. ఊరు పోయింది, పేరు మాతో వచ్చింది. ఇంటికొచ్చాక గార్డెన్ కథ చదివాను. అది కూడా అచ్చం ఇంటిపేరు కథే.

ఇప్పుడున్నది నాలుగో గార్డెన్. మొదటిది నిజంగానే మాడిసన్ స్క్వేర్ పక్కన ఉండేది. అమెరికా అధ్యక్షుడు జేమ్స్ మాడిసన్ పేరు మీద ఆ చోటుకి ఆ పేరు వచ్చింది. అంతకుముందు అక్కడ ఒక రైల్వే డిపో ఉండేది. రైళ్ళు వేరే చోటికి వెళ్ళిపోయాక, 1874లో బార్నమ్ ఆ స్థలంలో సర్కస్ పెట్టాడు. తర్వాత గిల్మోర్ అనే బ్యాండు మాస్టర్ దాన్ని అద్దెకి తీసుకున్నాడు. మొక్కలు పెట్టి, దానికి గిల్మోర్స్ గార్డెన్ అని పేరు పెట్టాడు. అంటే ఒకప్పుడు తోట ఉండేదన్నమాట! 1879లో అది మాడిసన్ స్క్వేర్ గార్డెన్ అయింది.

1890లో అదే చోట రెండోది కట్టారు. స్టాన్‌ఫర్డ్ వైట్ అనే ఆర్కిటెక్ట్ దానికి ఎత్తైన గోపురం పెట్టాడు. 1906లో అదే భవనం పైన ఉన్న థియేటర్‌లో ఆయన్ని ఒకడు తుపాకీతో కాల్చి చంపాడు. 1925లో మూడో గార్డెన్ ఎనిమిదో అవెన్యూలో, 49, 50 వీధుల మధ్య వచ్చింది. పేరు పాత ఊరిని వదిలింది అప్పుడే. అక్కడ బాక్సింగ్ పోటీలు బాగా జరిగేవి.

నాలుగో గార్డెన్ 1968 ఫిబ్రవరి 11న తెరిచారు. దాని కోసం ఒక అందమైన భవనాన్ని కూల్చేశారు. అది పాత పెన్ స్టేషన్. 1910లో తెరిచారు. రోమ్ నగరంలోని పాత స్నానశాలలు చూసి గీసిన డిజైన్ అది. గులాబీ రంగు గ్రానైట్ రాళ్ళు, పెద్ద పెద్ద స్తంభాలు, రాతి గద్దలు ఉండేవి. దాన్ని కట్టింది కూడా వైట్ భాగస్వామిగా ఉన్న సంస్థే. జనం కార్లకి, విమానాలకి అలవాటు పడ్డాక రైల్వే కంపెనీకి డబ్బు ఇబ్బంది వచ్చింది. పట్టాలు కింద ఉంచుకుని, పైన స్థలం గార్డెన్ వాళ్ళకి ఇచ్చింది. ఆర్కిటెక్టులు వీధిలోకి వచ్చి వద్దన్నారు. అయినా 1963 అక్టోబరు 28న కూల్చడం మొదలైంది. ఆ బాధ తర్వాతే, 1965లో, న్యూయార్క్‌లో పాత భవనాలని కాపాడే చట్టం వచ్చింది. ఆ చట్టం గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌ని కాపాడింది. పెన్ స్టేషన్‌కి మాత్రం ఆలస్యమైపోయింది.

అలాగని కొత్త గార్డెన్‌ని తిట్టాలని లేదు. 1971 మార్చిలో మహమ్మద్ అలీ, జో ఫ్రేజియర్ ఇక్కడే తలపడ్డారు. అదే ఏడాది ఆగస్టు 1న బంగ్లాదేశ్ శరణార్థుల కోసం రవిశంకర్, జార్జ్ హారిసన్ ఇక్కడే కచేరీ చేశారు. రవిశంకర్ సితార్ శ్రుతి చేసుకుంటుంటే, జనం అదే పాట అనుకుని చప్పట్లు కొట్టారు! తెలుగు సినిమాలో ఎక్కడ నవ్వాలో తెలియక, పక్కవాళ్ళని చూసి నవ్వే నాకు వాళ్ళ మీద జాలేసింది.

ఇప్పుడు గార్డెన్‌కి కూడా గడువుంది. 1963లో నగరం 50 ఏళ్ళకి అనుమతి ఇచ్చింది. 2013లో 10 ఏళ్ళకి ఇచ్చింది. 2023లో 5 ఏళ్ళకే ఇచ్చింది. కింద స్టేషన్ ఇరుకైపోయింది, గార్డెన్ వేరే చోటికి వెళ్ళాలని చాలామంది అంటున్నారు. వెళ్తే అది ఐదో గార్డెన్ అవుతుంది. పేరు మాత్రం మారదని నా నమ్మకం.

ఇదంతా చదివాక ఇంకో విషయం తెలిసింది. కూల్చిన స్టేషన్ రాళ్ళు చాలావరకు న్యూజెర్సీలో సికాకస్ దగ్గర చిత్తడి నేలల్లో పారేశారట. మా రైలు రోజూ ఆ చిత్తడి మీదుగానే వెళ్తుంది. నాన్నకి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

తర్వాత మెల్లగా చెప్పారు. "మన తెనాలి ఇల్లు కూడా పడగొట్టేశారమ్మా. అపార్ట్‌మెంట్ కడుతున్నారు. నేనే సంతకం పెట్టాను. ఫోటో కూడా తీసుకోలేదు."

నాకు ఏం చెప్పాలో తెలియలేదు. తెలుగులో అసలు తెలియలేదు. నోట్‌బుక్ తెచ్చి, "గుమ్మం ఎటువైపు ఉండేది?" అని అడిగాను. నాన్న చెప్తూ ఉంటే నేను రాసుకున్నాను. వసారా, పెరడు, నూతి గట్టు, అటక. అందులో మూడు మాటలు నాకు కొత్తవి. రెండు పేజీలు అయ్యాయి. ఇంకా వంటిల్లు రాలేదు.

మీ ఇంటిపేరు ఏ ఊరిది? ఈ వారం ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. పనిలో పనిగా, ఆ పాత ఇంటి గుమ్మం ఎటువైపు ఉండేదో కూడా అడగండి.