నొప్పి చెప్పుకునే భాష: మోంఫోర్ ఆసుపత్రి చరిత్ర



ఈసారి మనం ఒక ఆసుపత్రి చరిత్రను ధ్యానించుకుందాం. అది కెనడా రాజధాని ఒట్టావా నగరంలో ఉంది. పేరు మోంఫోర్. 1997లో ప్రభుత్వం వేసిన కమిషన్ దాన్ని మూసేయాలని చెప్పింది. అక్కడి జనం సుమారు 5 సంవత్సరాలు పట్టు విడవకుండా నిలబడ్డారు. నేటికీ ఆ ఆసుపత్రి నడుస్తూనే ఉంది. ఆసుపత్రి కోసం ప్రజలు వీధిలోకి వచ్చిన సంగతులు లోకంలో చాలా ఉన్నాయి. వాటిలో దీన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. రోగి తన బాధను తల్లి నేర్పిన మాటల్లో చెప్పుకోవడం కోసం వాళ్ళు పోరాడారు.

మన తెలుగులో నొప్పికి ఎన్ని మాటలున్నాయో ఆలోచించండి. తలపోటు, కీళ్ళ సలుపు, కాళ్ళ పీకులు, నరం లాగడం, అరికాళ్ళ మంట, గుండెల్లో పట్టేసినట్టుండటం. ఇంట్లో పెద్దమ్మ "కడుపులో దేవుతోంది నాయనా" అంటే మనకు వెంటనే తెలుస్తుంది. ఆ పెద్దమ్మనే భాష తెలియని నగరానికి, పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్తే ఏమవుతుంది? మధ్యలో ఒకరు నిలబడి, ఆమె చెప్పిందంతా కలిపి 'పెయిన్' అని ఒక్క మాటలో తేల్చేస్తారు. డాక్టరుగారు మంచివారే, మందులూ మంచివే. అయినా ఆమె చెప్పినదానిలో సగం దారిలోనే పోతుంది. ఈ సంగతి మనసులో ఉంచుకుని ముందుకు వెళ్దాం.

ఎవరు ఈ ప్రజలు?

కెనడాలో ఇంగ్లీషు, ఫ్రెంచి రెండూ అధికార భాషలు. క్యుబెక్ రాష్ట్రంలో ఫ్రెంచివారే ఎక్కువ. దాని పక్కనే ఉన్న ఒంటారియోలో ఇంగ్లీషువారు ఎక్కువ. 1997 ప్రాంతంలో ఒంటారియోలోని ఫ్రెంచివారు సుమారు 5 లక్షల మంది, అంటే నూటికి దాదాపు 5 మంది ఉండేవారు. ఒట్టావా ఈ రెండు రాష్ట్రాల సరిహద్దులో, నది ఒడ్డున ఉంది. మన తెలుగు కుటుంబాలు కూడా ఒంటారియోలో చాలా ఉన్నాయి కాబట్టి, మీలో కొందరు ఆ నగరాన్ని చూసే ఉంటారు.

అక్కడి ఫ్రెంచివారికి ఒక పాత గాయం ఉంది. 1912లో ఒంటారియో ప్రభుత్వం 17వ నంబరు ఉత్తర్వు ఇచ్చి, బడుల్లో మొదటి రెండేళ్ళు దాటాక ఫ్రెంచిలో బోధించడాన్ని అడ్డుకుంది. ఆ ఉత్తర్వును ఎదిరించడానికే 1913లో 'లె ద్రువా' అనే పత్రిక పుట్టింది. ఆ పేరుకు 'హక్కు' అని అర్థం. ఒట్టావాలోని గీగ్ పాఠశాలలో దెలోజ్ అక్కచెల్లెళ్ళు ఇద్దరు ఉత్తర్వును లెక్కచేయకుండా పిల్లలకు ఫ్రెంచిలోనే చదువు చెప్పారు. 1916 జనవరిలో తల్లులు ఆ బడికి కాపలా కాశారు. వాళ్ళ చేతుల్లో ఉన్న ఆయుధాలు టోపీలకు పెట్టుకునే పొడవాటి సూదులు. 1927 నాటికి ప్రభుత్వం ఆ ఉత్తర్వు అమలును వదిలేసింది. అమ్మమ్మలు చెప్పిన ఆ సంగతులు మనవరాళ్ళకు గుర్తున్నాయి. 1997లో అవి అక్కరకు వచ్చాయి.

ఆసుపత్రి ఎలా పుట్టింది?

మోంఫోర్ అనేది ఒక బోధకుని పేరు. లూయీ మరీ ద మోంఫోర్ 1673లో ఫ్రాన్సులో పుట్టి, పల్లెల్లో బీదవారి మధ్య సువార్త చెప్పిన కతోలిక గురువు. ఆయన ప్వాతియే పట్టణంలో, దిక్కులేని రోగులుండే ఆశ్రమంలో పరిచర్య చేశారు. అక్కడే 1703లో మరీ లూయీజ్ త్రిషే అనే యువతి తన ఇంటి హోదాను వదులుకుని, బీదల గుడ్డ కట్టుకుని, రోగుల సేవకు నిలిచింది. ఆమెతో 'జ్ఞాన కుమార్తెలు' అనే సిస్టర్ల సమాజం మొదలైంది. ఆ సమాజానికి చెందిన సిస్టర్లే 1953లో ఒట్టావా తూర్పు భాగంలో, ఫ్రెంచి కూలీలూ చిరుద్యోగులూ ఎక్కువగా ఉండే పేటల దగ్గర ఈ ఆసుపత్రిని తెరిచారు. తర్వాతి కాలంలో దాని యాజమాన్యం సిస్టర్ల నుండి స్థానిక పెద్దల బోర్డుకు మారింది.

ఆ ఇంట్లో వాచ్‌మన్ దగ్గర నుండి సర్జన్ వరకు అందరి మధ్యా నడిచే భాష ఫ్రెంచి. ఇంగ్లీషు రోగి వస్తే అతనితో ఇంగ్లీషులోనే మాట్లాడి వైద్యం చేసేవారు, ఎవరినీ వెనక్కి పంపలేదు. ఒంటారియో మొత్తంలో ఇన్ని రకాల వైద్యసేవలు ఫ్రెంచి వాతావరణంలో అందించే ఆసుపత్రి అదొక్కటే. ఫ్రెంచిలో వైద్యం నేర్చుకునే యువ డాక్టర్లకు, నర్సులకు శిక్షణ స్థలమూ అదే.

1997 ఫిబ్రవరి 24

1995లో మైక్ హ్యారిస్ నాయకత్వంలో కొత్త ప్రభుత్వం వచ్చింది. రాష్ట్రానికి అప్పులు, లోటు బడ్జెట్. వైద్య విధానాలు మారి, రోగులు ఆసుపత్రిలో ఉండే రోజులు తగ్గాయి కాబట్టి మంచాలు మిగులుతున్నాయని లెక్కలు తేలాయి. ఏ ఆసుపత్రి ఉండాలి, ఏది పోవాలి అని తేల్చడానికి డాక్టర్ డంకన్ సింక్లేర్ అధ్యక్షతన కమిషన్ వేశారు. వాళ్ళను దుర్మార్గులని మనం అనకూడదు, వాళ్ళు చూసిన లెక్కలు నిజమైనవే. 1997 ఫిబ్రవరి 24న ఒట్టావా గురించి ప్రకటన వచ్చింది. మూతపడాల్సిన ఆసుపత్రుల్లో మోంఫోర్ ఒకటి. ఫ్రెంచి రోగులకు ఇబ్బంది ఉండదు, రెండు భాషల్లో సేవలిచ్చే పెద్ద ఆసుపత్రి నగరంలో ఉంది కదా అన్నారు.

వినడానికి సబబుగానే ఉంది. కానీ మైనారిటీగా బ్రతికినవారికి అందులోని లోపం తెలుసు. రెండు భాషల ఇంట్లో బల్ల దగ్గర బోర్డు రెండు భాషల్లో ఉంటుంది. రాత్రి రెండు గంటలకు, ఆపరేషన్ అయిన మనిషి మగతలో దాహమని అడిగినప్పుడు పక్కనున్న నర్సుకు ఏ భాష వస్తుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. సిబ్బంది తమలో తాము పెద్ద భాషలోనే మాట్లాడుకుంటారు. కొన్నాళ్ళకు చిన్న భాష అడిగితేనే దొరికేదవుతుంది. తర్వాత అడగడానికే మొహమాటం వేస్తుంది.

జిజెల్ లలోండ్ అనే ఆమె ముందుకు వచ్చారు. ఒకప్పుడు టీచరు, తర్వాత పక్కనున్న వానియే పట్టణానికి మేయరుగా చేశారు. అప్పటికి ఆమె వయస్సు 60 దాటింది. 'ఎస్ఓఎస్ మోంఫోర్' పేరుతో ఉద్యమం మొదలైంది. లె ద్రువా పత్రిక అండగా నిలిచింది. నెల తిరగకముందే, మార్చి 22న, ఒట్టావా సివిక్ సెంటర్‌లో 10,000 మంది సమకూడారు. ఆకుపచ్చ, తెలుపు రంగుల ఫ్రెంచి ఒంటారియో జెండాలు పట్టుకుని, మోంఫోర్ మూతపడటం ఎన్నటికీ జరగదని ముసలివాళ్ళూ బడిపిల్లలూ ఒకే గొంతుతో అన్నారు. నూటికి 5 మంది ఉన్న ప్రజల్లో నుండి ఒక్క రోజున అంతమంది రావడం ఆ దేశమంతా చూసింది.

సగం ఇస్తామన్నారు

ఈ చరిత్రలో మనం ఎక్కువసేపు ఆగి చూడవలసిన చోటు ఇదే. 1997 ఆగస్టులో కమిషన్ తన మాట మార్చుకుంది. మోంఫోర్‌ను మూసేయబోమని, తెరిచే ఉంచుతామని చెప్పింది. అయితే ముఖ్యమైన సేవలు చాలావరకు వేరే ఆసుపత్రులకు తరలిపోతాయి, మోంఫోర్ చిన్నదిగా మిగులుతుంది.

అప్పటికే అందరూ అలసిపోయారు. గెలిచామని చెప్పుకుని ఇంటికి వెళ్ళిపోవచ్చు, ఎవరూ తప్పుపట్టరు. బోర్డు ఉంటుంది, గేటు తెరిచే ఉంటుంది. కానీ అన్ని రకాల రోగులు రాని చోట డాక్టర్లు శిక్షణ పొందలేరు. శిక్షణ పోతే, ఇరవై ఏళ్ళ తర్వాత ఫ్రెంచిలో వైద్యం చేసే డాక్టర్లు ఎక్కడి నుండి వస్తారు? సొలొమోను ముందుకు వచ్చిన ఇద్దరు తల్లుల సంగతి మనకు తెలుసు. బిడ్డను రెండుగా చేస్తే ఎవరికీ బిడ్డ ఉండదు. జిజెల్ గారూ, ఆసుపత్రి బోర్డు అధ్యక్షురాలు మిషెల్ ద కుర్విల్ నికోల్ గారూ ఆ సగాన్ని ఒప్పుకోలేదు. ఆసుపత్రితో కలిసి వాళ్ళు కోర్టుకు వెళ్ళారు. రొనాల్డ్ కాజా అనే న్యాయవాది వాళ్ళ తరఫున నిలబడ్డారు.

లూకా సువార్త 18వ అధ్యాయంలో న్యాయాధిపతి దగ్గరకు మాటిమాటికి వెళ్ళిన విధవరాలిని మనం ఎన్నోసార్లు ధ్యానించాం. అక్కడ ఆ న్యాయాధిపతి విసిగిపోయి తీర్పు ఇచ్చాడు. ఒంటారియోలో న్యాయమూర్తులు విసిగి ఇవ్వలేదు, చట్టం చదివి ఇచ్చారు. 1999 నవంబరు 29న మొదటి కోర్టు కమిషన్ ఆదేశాలను కొట్టివేసింది. ప్రభుత్వం అప్పీలుకు వెళ్ళింది. మళ్ళీ రెండేళ్ళ నిరీక్షణ. 2001 డిసెంబరు 7న అప్పీలు కోర్టు కూడా మోంఫోర్ పక్షానే తీర్పు చెప్పింది.

ఆ తీర్పులో రెండు సంగతులు ముఖ్యం. మొదటిది, 1986లో ఒంటారియో తెచ్చిన ఫ్రెంచి సేవల చట్టం. దాని ప్రకారం ఫ్రెంచిలో అందుతున్న సేవను తగ్గించాలంటే, ముందు మిగతా మార్గాలన్నీ ప్రయత్నించి చూడాలి, తగ్గించడం సమంజసమూ అవసరమూ అని తేలాలి. కమిషన్ అలా చేయలేదు. రెండవది, మైనారిటీలను గౌరవించి కాపాడటం కెనడా రాజ్యాంగపు మూల సూత్రాల్లో ఒకటి. అది రాజ్యాంగంలో ఒక వాక్యంగా రాసి లేకపోయినా, రాజ్యాంగమంతటికీ ఆధారంగా ఉందని 1998లో ఆ దేశ సుప్రీంకోర్టు చెప్పింది. ఒక ప్రజకు ఆ ఆసుపత్రి భాషాపరంగా, సాంస్కృతికంగా ఏమిటో చూడటం తమ పని కాదని కమిషన్ పక్కన పెట్టింది. అలా పక్కన పెట్టడం కుదరదని కోర్టు తేల్చింది.

2002 ఫిబ్రవరి 1న ప్రభుత్వం ఇక సుప్రీంకోర్టుకు వెళ్ళబోమని ప్రకటించింది. మూసేస్తామన్న ఆ ఆసుపత్రి తర్వాతి సంవత్సరాల్లో పెద్ద కొత్త భవనాలతో విస్తరించింది. నేడు ఒట్టావా విశ్వవిద్యాలయంతో కలిసి వైద్యశిక్షణ ఇస్తోంది. జిజెల్ లలోండ్ గారు 2022లో కన్నుమూశారు.

మనం నేర్చుకోవలసింది

మొదటిది, లెక్కలు అవసరమే, కానీ వాటిలో పడనివి కొన్ని ఉంటాయి. ఎన్ని మంచాలు, ఎంత ఖర్చు అని అడిగేవారిని మనం తిట్టనక్కరలేదు. ఈ ఇల్లు ఇంకా ఏమి మోస్తోంది అని మర్యాదగా, ఆధారాలతో అడగాలి. మోంఫోర్ వాళ్ళు కేకలతో మొదలుపెట్టినా, గెలిచింది చట్టాన్ని చదివి, సాక్ష్యాలు పోగుచేసి, ఓపికగా వాదించినందువల్ల.

రెండవది, మన వైపు కూడా మిషనరీలు పెట్టిన ఆసుపత్రులు ఉన్నాయి. 1883లో అమెరికా నుండి గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ గారు ఆడవాళ్ళకు, పిల్లలకు వైద్యం మొదలుపెట్టి, 1898 నాటికి ఆసుపత్రి నిలబెట్టారు. అలాంటి ఇళ్ళు కొన్ని నేడు బలహీనపడ్డాయి, కొన్ని మూతపడ్డాయి. మన మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం సంగతి కూడా అంతే. మనం వెళ్ళని ఆసుపత్రిని మన కోసం ఎవరూ ఉంచరు. చిన్న జ్వరానికైనా, గర్భిణీల పరీక్షలకైనా దాన్ని వాడుకుందాం. డాక్టరు పోస్టు ఖాళీగా ఉంటే గ్రామసభలో అడుగుదాం, అర్జీ రాసి సంతకాలు పెడదాం.

మూడవది అందరం చేయగలిగినది. పెంతెకొస్తు దినాన యెరూషలేములో కూడినవారు దేవుని గొప్ప కార్యాలను ఎవరి భాషలో వారు విన్నారు. దేవుడు వాళ్ళందరినీ ఒకే భాష నేర్చుకుని రమ్మనలేదు. సంఘంలోని యౌవనస్థులారా, మీలో ఇంగ్లీషు, హిందీ, తమిళం, కన్నడం వచ్చినవారు ఉన్నారు. మన పెద్దవాళ్ళు వైద్యానికి వేరే రాష్ట్రానికో నగరానికో వెళ్ళేటప్పుడు ఒకరు తోడు వెళ్ళండి. వాళ్ళు చెప్పింది కుదించవద్దు. సలుపు అంటే సలుపే అని, మంట అంటే మంటే అని, ఎప్పుడు మొదలైందో, ఎక్కడి నుండి ఎక్కడికి పాకుతోందో అంతా డాక్టరుకు చెప్పండి. డాక్టరు చెప్పింది కూడా పూర్తిగా తెలుగులో వాళ్ళకు విడమరచండి. ఇలా వెళ్ళడానికి ఇష్టమున్నవారు వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక పేర్లు ఇవ్వండి. ఈ నెలలో ఆసుపత్రికి వెళ్ళవలసిన పెద్దవాళ్ళ పేర్లు కూడా చెప్పండి, ఎవరికి ఎవరు తోడో కూర్చుని చూసుకుందాం.

రోగుల మొర ఆలకించే ప్రభువు మనందరికీ తోడై యుండును గాక. ఆమెన్.