నడవలో గాలి: హాంప్టన్ కోర్టు ప్రాసాదంలో జరిగిన దయ్యాల శోధన

మ్యూజియముల చరిత్ర రాసేవారు సాధారణంగా స్థాపించిన సంవత్సరాన్ని, శంకుస్థాపన చేసిన వారి పేరును, సేకరించిన వస్తువుల సంఖ్యను తప్పక నమోదు చేస్తారు గానీ, అదే కట్టడంలో రాత్రి కాపలా కాసినవారు తమలో తాము ఏమి చెప్పుకున్నారో, ఏ గదిలోకి ఒంటరిగా వెళ్లడానికి జంకేవారో చాలా అరుదుగా రాస్తారు. ఉత్సవ సంచికలలో ఆ మాటలకు చోటు లేకపోవడానికి కారణం అవి అబద్ధాలని తేలడం కాదు, అవి సంస్థ పరువుకు తగవని అనుకోవడమే. ఇంగ్లండులో లండనుకు నైరుతి దిక్కున, థేమ్స్ నది ఒడ్డున ఉన్న హాంప్టన్ కోర్టు ప్రాసాదం ఈ ఆచారానికి మినహాయింపుగా నిలిచింది. అక్కడ దయ్యాల సమాచారాన్ని దాచిపెట్టకపోవడం వల్లనే, మ్యూజియముగా మారిన ఒక పాత కట్టడంలో జనం ఎందుకు భయపడతారన్న ప్రశ్నను క్రమపద్ధతిలో పరీక్షించడం సాధ్యమైంది.

ఈ స్థలాన్ని 1514లో మతాధికారి థామస్ వుల్సీ కౌలుకు తీసుకుని పెద్ద భవనం కట్టించగా, కొన్నేళ్లకే అది ఎనిమిదవ హెన్రీ రాజు చేతికి వచ్చింది. 1689 తరువాత విలియం, మేరీ రాజదంపతుల కోసం వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్ దానిలో ఒక భాగాన్ని పడగొట్టి కొత్త శైలిలో కట్టించాడు గనుక, నేటి ప్రాసాదం రెండు వేర్వేరు కాలాల కట్టడాలు ఒకదానికొకటి అతుక్కున్నట్లు ఉంటుంది. పద్దెనిమిదవ శతాబ్ది నడుమ రాజకుటుంబం అక్కడ నివాసం మానుకున్నాక, రాజ్యానికి సేవ చేసినవారి కుటుంబాలకు ఉచితంగా గదులు ఇచ్చే పద్ధతి మొదలైంది. దీనినే రాజానుగ్రహ నివాసం అంటారు. 1838లో విక్టోరియా రాణి ప్రధాన మందిరాలను సామాన్య ప్రజల దర్శనానికి తెరిపించింది. ఈ విధంగా ఒకే కప్పు కింద ఒకవైపు వృద్ధులైన రాజానుగ్రహ నివాసులు, మరొకవైపు వేల కొద్దీ సందర్శకులు ఉండడం పందొమ్మిదవ శతాబ్దిలో దాని ప్రత్యేకత అయింది. దయ్యాల కథలు పెరగడానికి ఇంతకంటే అనువైన ఏర్పాటు మరొకటి ఉండదేమో, ఎందుకంటే చూశామని చెప్పేవారు అక్కడే కాపురముండగా, వినదలచినవారు తలుపు దగ్గరకే వచ్చేవారు.

ఆ కథలలో మూడు ముఖ్యమైనవి. హెన్రీ కుమారుడైన ఆరవ ఎడ్వర్డును చిన్ననాట పెంచిన దాది సిబిల్ పెన్ 1562లో మశూచితో మరణించగా, 1829లో పాత చర్చిని కూల్చి ఆమె సమాధిని కదిలించిన తరువాత ప్రాసాదంలో రాట్నం తిరిగే చప్పుడు వినిపించిందని చెబుతారు. ఎడ్వర్డును కని, పన్నెండు రోజులకు 1537 అక్టోబరు 24న కన్నుమూసిన జేన్ సీమూర్ రాణి ఒక మెట్లవరుస మీద కనిపిస్తుందన్నది రెండవ కథ. మూడవది, అన్నిటికంటె ప్రసిద్ధమైనది, హెన్రీ ఐదవ భార్య కేథరిన్ హవార్డుకు సంబంధించినది. ఆమె పూర్వ జీవితాన్ని గురించిన ఆరోపణలు 1541 నవంబరులో రాజుకు తెలిసినప్పుడు, ఆమె కాపలావారిని తప్పించుకుని, ప్రార్థనలో ఉన్న భర్తను వేడుకోవడానికి చర్చి వైపు నడవ వెంట పరుగెత్తిందని, భటులు పట్టుకుని ఈడ్చుకుపోతుండగా ఆమె వేసిన కేకలు నేటికీ అక్కడ వినిపిస్తాయని ప్రతీతి. 1542 ఫిబ్రవరి 13న లండను కోటలో ఆమె తల నరికించిన మాట చారిత్రక సత్యమే అయినా, ఆ పరుగు మాత్రం చరిత్రకారులు సందేహించే ఘట్టం. అయినప్పటికీ ఆ దారికి ‘హాంటెడ్ గ్యాలరీ’, అనగా దయ్యాల నడవ, అన్న పేరే స్థిరపడి, ప్రాసాదపు పటంలో సైతం అచ్చయింది.

1999లో ఒక సాయంత్రం వేర్వేరు బృందాలతో వచ్చిన ఇద్దరు స్త్రీలు ఈ నడవలో ఒకే చోట స్పృహతప్పి పడిపోవడం విషయాన్ని మరో దశకు తీసుకుపోయింది. హర్ట్‌ఫర్డ్‌షైర్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర పరిశోధకుడైన రిచర్డ్ వైజ్‌మన్, ప్రాసాదం వారి సహకారంతో తన బృందాన్ని అక్కడికి తీసుకువచ్చాడు. వారి పద్ధతిని కొంత వివరంగా తెలుసుకోవడం అవసరం, ఎందుకంటే దయ్యాల వేట పేరిట రాత్రిపూట దీపాలార్పి పరికరాలు పట్టుకుని తిరిగే వినోదానికీ దీనికీ ఉన్న భేదమంతా ఆ పద్ధతిలోనే ఉంది. వందల మంది సాధారణ సందర్శకుల చేతికి దయ్యాల నడవ, జార్జియన్ గదులు అనే రెండు భాగాల నేల నక్షాలను ఇచ్చి, నడుస్తుండగా ఏదైనా వింత అనుభూతి కలిగితే అది కలిగిన చోట గుర్తు పెట్టమన్నారు. దయ్యాలను నమ్ముతారా లేదా, ఈ ప్రాసాదపు కథలు ముందే తెలుసునా అన్న ప్రశ్నలకు కూడా వారి నుండి జవాబులు తీసుకున్నారు. ఇక ప్రాసాదంలో ఎంతో కాలంగా పనిచేస్తున్న ఒక కాపలా ఉద్యోగి, గడచిన వంద సంవత్సరాలుగా అక్కడ నమోదైన సంఘటనలను పరిశీలించి, ఏ ఏ చోట్ల అవి ఎక్కువగా జరిగాయో ఒక జాబితా తయారుచేశాడు. ప్రయోగం నడుపుతున్నవారు సందర్శకులకు తెలియకుండానే సూచనలు ఇచ్చే ప్రమాదం ఉన్నందున, ఆ జాబితాను వారికి కూడా తెలియనివ్వలేదు.

పేరుమోసిన చోట్లలోనే సందర్శకులు ఎక్కువ గుర్తులు పెట్టారు. అక్కడి కథలు ముందుగా తెలిసినవారూ తెలియనివారూ ఈ విషయంలో ఒకే తీరుగా ఉన్నారని తేలడంతో, ఇదంతా విన్నమాటల ప్రభావమేనని ఒక్కమాటలో కొట్టిపారేయడానికి వీలు లేకపోయింది. నమ్మకం గలవారు నమ్మకం లేనివారికంటె ఎక్కువ అనుభూతులను చెప్పి, వాటికి కారణం దయ్యమేనని అనడానికి ఎక్కువ మొగ్గు చూపినప్పటికీ, ఆ అనుభూతులకు నెలవైన చోట్లు మాత్రం యాదృచ్ఛికంగా చెల్లాచెదురై లేవు. అంటే ఆ చోట్లలో నిజంగానే ఏదో ఉన్నది. ఆ ఉన్నది ఏమిటన్నదే మిగిలిన ప్రశ్న.

దానికి జవాబు చాలామటుకు గోడలలో దొరికింది. వేడిమిని చిత్రంగా చూపే థర్మల్ కెమెరాలను, గాలి కదలికను పట్టే సాధనాలను నడవలో అమర్చి చూడగా, చెక్క పలకల వెనుక కనబడకుండా ఉన్న పాత తలుపుల సందుల నుండి చల్లని గాలి చొరబడి, కొన్ని చోట్ల ఉష్ణోగ్రతను హఠాత్తుగా తగ్గిస్తున్నట్లు బయటపడింది. సందర్శకులలో చాలామంది చెప్పిన అనుభూతి కూడా సరిగ్గా ఇదే, ఒక్కసారిగా చలి పుట్టి ఎవరో పక్కన నిలిచినట్లు తోచడం. ఈ విషయం ఇంగ్లీషువారికంటె తెలుగువారికి సులభంగా అర్థం కావాలి. ‘గాలి సోకింది’, ‘గాలి పట్టింది’ అన్న మాటలలో వీచే గాలినీ పట్టే దయ్యాన్నీ ఒకే పదంతో చెప్పుకున్న భాష మనది. ఆ పలుకుబడి ఏ కారణాన పుట్టినదైనా, హాంప్టన్ కోర్టు నడవలో మాత్రం దాని రెండు అర్థాలూ ఒకే తలుపు సందు నుండి వచ్చాయని చెప్పవచ్చు.

ఇదే పద్ధతిని 2001లో స్కాట్లండు రాజధాని ఎడిన్‌బరోలో, పద్దెనిమిదవ శతాబ్ది చివర కట్టిన సౌత్ బ్రిడ్జి కమానుల కింద ఉన్న పది నేలమాళిగలలో మరింత కట్టుదిట్టంగా ప్రయోగించారు. ఒక్కొక్కరినీ ఒక్కొక్క గదిలో ఒంటరిగా కొంతసేపు కూర్చోబెట్టి, ఆ గదుల ఎత్తు, వైశాల్యం, వెలుతురు మొదలైనవి కొలిచారు. రెండు పరిశోధనలూ కలిసి 2003లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సైకాలజీ పత్రికలో వెలువడ్డాయి. గది పరిమాణానికీ, వెలుతురు స్థాయికీ, అయస్కాంత క్షేత్రపు హెచ్చుతగ్గులకూ అనుభూతుల సంఖ్యతో సహసంబంధం, అంటే ఒకటి మారినప్పుడు రెండవది కూడా దానితోపాటు మారే స్వభావం, ఉన్నదని వాటి సారాంశం. సహసంబంధం ఉన్నంత మాత్రాన కారణం దొరికినట్లు కాదన్న హెచ్చరిక ఇక్కడ తప్పనిసరి, ముఖ్యంగా అయస్కాంత క్షేత్రం విషయంలో.

ఆ హెచ్చరిక ఎంత అవసరమో పరశ్రావ్య ధ్వని చరిత్ర తెలుపుతుంది. సెకనుకు ఇరవై కంపనాలకంటె తక్కువగా ఉండి చెవికి వినబడని ధ్వనికి ఈ పేరు. కావెంట్రీకి చెందిన ఇంజనీరు విక్ టాండీ, తన ప్రయోగశాలలో బూడిదరంగు ఆకారం కంటి చివర కదలినట్లు తోచి హడలిపోయాడు. మరునాడు కత్తిసాము పోటీ కోసం తెచ్చుకున్న కత్తి, బిగించిన చోట దానంతట అది అదురుతుండడం చూసి, కొత్తగా పెట్టిన ఒక ఫ్యాను నుండి దాదాపు 19 హెర్ట్జ్ పౌనఃపున్యంతో నిశ్చల తరంగం ఏర్పడుతున్నదని లెక్కగట్టి, తనకు తోచిన ఆకారానికి అదే కారణమని 1998లో వ్యాసం ప్రకటించాడు. తరువాత కావెంట్రీ నగరంలోని పద్నాలుగవ శతాబ్దపు నేలమాళిగ ఒకదానిలోనూ అదే ధ్వనిని నమోదు చేశాడు. ఈ వివరణ ఎంత ఆకర్షణీయమంటే, దయ్యాలను నమ్మనివారు దానిని దయ్యమంత భక్తితో నమ్మసాగారు. అయితే లండనులో మనస్తత్వశాస్త్రవేత్త క్రిస్ ఫ్రెంచ్ బృందం ఒక గదిలో కావాలనే పరశ్రావ్య ధ్వనిని, విద్యుదయస్కాంత క్షేత్రాలను కల్పించి జరిపిన పరీక్షలో, 2009లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, చాలామందికి వింత అనుభూతులు కలిగినా, ఆ యంత్రాలు పనిచేస్తున్నాయా లేదా అన్నదానితో వాటికి సంబంధం కనిపించలేదు. మనసు సూచనకు ఎంత సులభంగా లొంగుతుందన్నదే దానికంటె బలమైన కారణంగా తోచింది.

ఇటువంటి శోధనకు పునాది వేసినది 1882లో లండనులో హెన్రీ సిడ్జ్‌విక్ అధ్యక్షుడుగా ఏర్పడిన సొసైటీ ఫర్ సైకికల్ రీసెర్చ్. తెలుగు జిల్లాలు కూడా భాగంగా ఉండిన నాటి మద్రాసు ప్రెసిడెన్సీకి ఈ సంఘం తన ప్రతినిధిగా రిచర్డ్ హాడ్జ్‌సన్‌ను పంపి, అడయారు దివ్యజ్ఞాన సమాజంలో జరిగాయన్న అద్భుతాలను విచారణ చేయించి, అవి మోసాలని 1885లో నివేదిక ప్రకటించింది. నూరేళ్ల తరువాత, 1986లో, అదే సంఘం తన పత్రికలో ఆ నివేదిక లోపాలను ఎత్తిచూపే విమర్శను ముద్రించింది. పాత కాగితాలు కొన్ని భద్రంగా ఉండడం అటువంటి పునర్విచారణకు తోడ్పడింది.

హాంప్టన్ కోర్టులో కథ శోధనతో ముగియలేదు. 2003లో ప్రాసాదపు భద్రతా కెమెరా ఒక వింత దృశ్యాన్ని నమోదు చేసింది. ప్రదర్శన ప్రాంతం దగ్గర అగ్నిప్రమాద సమయంలో వాడే తలుపులు వాటంతట అవే తెరుచుకున్నాయని, మరొకనాడు పొడవాటి అంగీ తొడిగిన ఆకారం వచ్చి వాటిని మూసిందని, ఆ మరునాడు ఎవరూ కనబడకుండానే అవి మళ్ళీ తెరుచుకున్నాయని ఉద్యోగులు తెలిపారు. ఆ రోజులలోనే సందర్శకుల పుస్తకంలో ఒకామె తాను ఆ పరిసరాలలో దయ్యాన్ని చూసినట్లు రాసిందని కూడా వార్త వచ్చింది. డిసెంబరులో ఆ చిత్రం ప్రపంచమంతటా పత్రికలకెక్కి, వైజ్‌మన్ బృందం గాలిని కొలిచిన సంగతికంటె ఎన్నో రెట్లు ఎక్కువ మందికి చేరింది. ఆ చిత్రంలో తలుపు ఉంది, ఆకారం ఉంది, గంట నిమిషాలు ఉన్నాయి. ఆ క్షణాన తలుపు సందున గాలి ఎంత వేగంతో వీచిందన్న లెక్క మాత్రం లేదు.