హర్రాజుకు ముందు జాబితా: గద్వాల, వనపర్తి సంస్థానాల చరాస్తులు – సాహిత్య ఆధారాలు

ఉపోద్ఘాతం

తెలంగాణలో వేలానికి పెద్దల నోట ఇప్పటికీ వినిపించే మాట 'హర్రాజు'. అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా నిజాం రాష్ట్రపు కచేరీల్లోకి, అక్కడి నుంచి పల్లె తెలుగులోకి వచ్చిన మాట ఇది. 'వేలం' కూడా పోర్చుగీసు నుంచి వచ్చిందేనని చెబుతారు. సంస్థానాల సాహిత్యంలో వస్తువు చేతులు మారే తీరుకు వేరే పేర్లున్నాయి: సంభావన, వార్షికం, బహూకరణ, స్త్రీధనం, దేవుడికి సమర్పణ. వీటన్నింటిలోనూ ఇచ్చినవారి పేరు, పుచ్చుకున్నవారి పేరు వస్తువుతో పాటు నిలుస్తాయి. హర్రాజులో నిలిచేది చివరి పాట ధర.

పాత నగలు, దంతపు పనివాటం గల బల్లలు, దర్బారు కుర్చీలు నేడు దేశవిదేశాల వేలం పట్టికల్లో తరచుగా కనబడుతున్నాయి. వాటి కింద 'దక్కను, 19వ శతాబ్దం' అనో 'హైదరాబాదు' అనో ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. ఆ ముక్క వెనుక గద్వాల, వనపర్తి, జటప్రోలు, ఆత్మకూరు వంటి దివాణాలు ఉండే అవకాశాన్ని పరిశీలించడానికి తెలుగు సాహిత్య పరిశోధన ఏ మేరకు తోడ్పడగలదన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న.

భూమికి లెక్క, సామానుకు లేదు

నిజాం ఏలుబడిలోని సంస్థానాలు పేష్‌కష్ చెల్లిస్తూ తమ పరిధిలో తామే పాలన సాగించాయి. సోమనాద్రి కట్టించిన కోట, అందులోని చెన్నకేశవస్వామి ఆలయం గద్వాలకు కేంద్రం. పండితాదరణ వల్ల 'విద్వద్గద్వాల' అన్న పేరు వచ్చింది. మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ కాలంలో సంస్థానం చరిత్ర ముగిసింది. 1949 ఆగస్టులో వచ్చిన జాగీర్ల రద్దు రెగ్యులేషన్‌తో ఊళ్లు, రాబడి, పాలనాధికారం ప్రభుత్వానికి దఖలుపడ్డాయి. ఆ చట్టం పట్టించుకున్నది భూమిని, పన్నును. తోషఖానాలోని కంటె, పతకం, పందిరిమంచం, భోషాణం దాని చూపులో లేవు. అవి కుటుంబ ఆస్తిగానే మిగిలాయి. చట్టరీత్యా అందులో తప్పేమీ లేదు. చరిత్రకు మాత్రం ఇక్కడే తెంపు పడింది.

ఆ తరువాతి కథ ఏ పెద్ద ఇంటి కథకైనా దగ్గరగానే ఉంటుంది. రాబడి పోయింది, మేడల మరమ్మతు ఖర్చు మిగిలింది. 1953 నుంచి 1985 వరకు మరణానంతరం ఆస్తిపై ఎస్టేట్ సుంకం ఉండేది. పైగా వారసుల పంపకాలు. బంగారాన్ని తూకం వేసి పంచవచ్చు. పందిరిమంచాన్ని పంచలేరు, అమ్మాలి. నగను పంచడమంటే చాలాసార్లు కరిగించడమే. 'పాత జరీ చీరలు కొంటాం' అని మన వీధుల్లో తిరిగేవారిని ఎరిగినవాళ్లకు ఇది కొత్తగా చెప్పనక్కరలేదు. వెండి జరీ ఉన్న పాత పట్టుచీరను కొనేది కట్టడానికి కాదు, కాల్చి వెండి తీయడానికి. ఆ లెక్కన హర్రాజు అన్నింటికన్నా చెడ్డదేమీ కాదు. అక్కడ వస్తువు వస్తువుగానే బతుకుతుంది, ఒక్కోసారి దానికి తొలిసారిగా ఫొటో, కొలతలు, అచ్చయిన వర్ణన దక్కుతాయి. నా అభ్యంతరం అమ్మకం మీద కాదు, జాబితా లేని అమ్మకం మీద.

కట్టడాల సంగతి కొంత నయం. గద్వాల కోటలో మహారాణి పేరిట ప్రభుత్వ డిగ్రీ కళాశాల నడుస్తోంది. వనపర్తి రాజభవనంలో 1959 నుంచి పాలిటెక్నిక్ ఉంది. గోడ కదలదు కాబట్టి దాని చరిత్ర దాన్ని విడిచిపోలేదు.

ఆగిన రెండు వేలాలు

జాబితా బలం ఏపాటిదో నిజాం నగలు చూపిస్తాయి. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1951, 1952 సంవత్సరాల్లో నగల ట్రస్టులు ఏర్పరచి ఒక్కొక్క వస్తువును పట్టికలో చేర్చారు. 1967లో ఆయన మరణించాక ట్రస్టీలు అమ్మకానికి పూనుకున్నారు. 1970ల చివర విదేశీ కొనుగోలుదారుల దాకా వెళ్లిన వ్యవహారం సుప్రీంకోర్టులో ఆగింది. సుదీర్ఘ వ్యాజ్యం తరువాత 1995లో భారత ప్రభుత్వం సుమారు 218 కోట్ల రూపాయలకు 173 నగలను కొన్నది. 184.75 క్యారట్ల జేకబ్ వజ్రం వాటిలో ఒకటి. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1891లో దాని బేరంపై కలకత్తాలో కేసు నడిచింది. తరువాత అది ఏడవ నిజాం బల్లమీద కాగితాలు ఎగరకుండా పెట్టే బరువుగా కూర్చున్నదని ప్రసిద్ధి. ప్రస్తుతం ఆ నగలు రిజర్వు బ్యాంకు ఖజానాలో ఉన్నాయి. ప్రదర్శనకు వచ్చిన సందర్భాలు అరుదు, అది మరో బాధ. అయినా ఏది ఎక్కడుందో తెలుసు.

రెండవ ఉదాహరణ తెలుగునేలది కాదు గానీ సూత్రం ఒకటే. 1898లో పిప్రాహ్వా స్తూపం తవ్వకంలో దొరికిన రత్నాల్లో తవ్వించిన పెప్పె కుటుంబానికి మిగిలిన భాగాన్ని 2025 మే 7న హాంకాంగ్‌లో సోత్‌బీస్ సంస్థ వేలం వేయదలచింది. భారత ప్రభుత్వం నోటీసు ఇవ్వడంతో వేలం వాయిదా పడింది; జూలైలో గోద్రెజ్ సంస్థ తోడ్పాటుతో రత్నాలు దేశానికి తిరిగి వచ్చాయి. ఇంత త్వరగా పని కావడానికి ఒక ముఖ్య కారణం, ఏ స్తూపంలో ఎప్పుడు ఎవరు తీశారో 1898 నుంచే రాతలో ఉండటం.

గద్వాల పతకమొకటి రేపు వేలానికి వస్తే మనం చూపగల కాగితం ఏది? 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం నూరేళ్లు దాటిన వస్తువును పురావస్తువుగా గుర్తించి, ప్రైవేటు వ్యక్తులు దాన్ని ఎగుమతి చేయడాన్ని నిషేధించింది. దేశం లోపల అమ్మకానికి అడ్డులేదు, వ్యాపారికి లైసెన్సు ఉంటే చాలు. తప్పనిసరి నమోదు ప్రధానంగా శిల్పాలకు, చిత్రాలకు, సచిత్ర రాతప్రతులకు వర్తిస్తుంది. నగ, మంచం, కుర్చీ ఆ వలలో పడవు. అదే జిల్లాలోని అలంపురం మ్యూజియంలో చాళుక్య శిలలకు నీడ దొరికింది. దివాణపు కొయ్యసామానుకు దొరకలేదు.

విశాఖ బల్ల, గద్వాల బల్ల

ఊరిపేరు నిలవడం అసాధ్యమేమీ కాదు. 18వ శతాబ్దపు ద్వితీయార్ధం నుంచి విశాఖపట్నం కమసాలులు కొయ్యలో దంతం పొదిగి, దానిపై గీతలు చెక్కి నల్లలక్క నింపి, తూర్పిండియా కంపెనీ దొరలకు కుర్చీలు, పెట్టెలు, రాతబల్లలు చేసిచ్చారు. నేటికీ లండన్ వేలాల్లో వాటిని 'విజగపటం' పనిగానే పిలుస్తారు. చేసిన చేతుల పేర్లు పోయాయి, ఊరిపేరు బతికింది. బజారుకు ఆ పేరుతో ధర వచ్చింది గనుక. గద్వాల పేరు అలా బతికింది చీర మీద మాత్రమే.

పద్యంలో పట్టిక

తూమాటి దోణప్ప 'ఆంధ్ర సంస్థానములు: సాహిత్య పోషణము' (1969) కవులను, కృతులను లెక్కకు తెచ్చింది. బెంజమిన్ కోహెన్ దక్కను సంస్థానాలపై 2007లో వెలువరించిన ఆంగ్ల గ్రంథం వారసత్వ తగాదాలను, అధికార మర్యాదలను పరిశీలించింది. కవి అందుకున్న వస్తువును విడిగా ఆధారంగా తీసుకున్న పని ఇంకా మొదలుపెట్టవలసినదే.

అవతారికల్లోని ఆభరణ వర్ణన ఇందుకు పనికిరాదు. కృతిభర్త కిరీటపు రత్నకాంతులు కవిసమయాలు. రాజు మారినా అవే కాంతులు. షష్ఠ్యంతాలు అంతకన్నా నిష్ప్రయోజనం. నమ్మదగినవి దిగువస్థాయి రచనలు: సందర్శన పద్యాలు, సీసపద్యపు లేఖలు, వార్షికం గుర్తుచేసే చాటువులు, ఆత్మకథల్లోని పొడిముక్కలు. ఇచ్చిన శాలువ పాతదని, నూటపదహార్లకు బదులు తక్కువ ముట్టిందని అలిగి చెప్పే తరహా పద్యం పొగడ్త కన్నా గట్టి సాక్ష్యం. పొగడ్తలో అంకె పెరుగుతుంది; ఫిర్యాదులో కవి అంకెను సరిగ్గానే చెబుతాడు, ఎదుటివాడు ఖండించకుండా. తిరుపతి వేంకటకవుల 'నానారాజ సందర్శనము', చెళ్లపిళ్ల 'కథలు గాథలు' ఈ దృష్టితో తిరిగి చదవవలసినవి. గద్వాల, వనపర్తి, ఆత్మకూరుల యాత్రలు ఆ కవుల జీవితంలో ముఖ్యఘట్టాలు. ఇచ్చినది ఏమిటి, ఎవరి చేతుల మీదుగా, ఏ సభలో, ఏ తిథిన అన్న నాలుగు గడులతో ఒక పట్టిక గీసుకుని పద్యాలను అందులో నింపుకోవచ్చు. దానిపక్కన దేవాలయపు నగల చిట్టాలు, నిజాం ప్రభుత్వ దస్తావేజులు పెట్టి సరిచూడాలి. పద్యం ఒక్కటే ఏ కోర్టులోనూ నిలవదు.

తెలంగాణలో కవులు పూజ్యమన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి 1934లో ఇచ్చిన జవాబు వాదం కాదు, 354 మంది కవుల 'గోలకొండ కవుల సంచిక'. ఆయనది గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడు. 1952లో వనపర్తి నుంచే శాసనసభకు ఎన్నికయ్యారు. ఊరూరికీ ఉత్తరాలు రాసి, వచ్చిన పద్యాలను ఊరిపేరుతో సహా అచ్చువేసిన ఆ పద్ధతి నగలకూ, భోషాణాలకూ సరిపోతుంది. పాత దర్బారు ఫొటోలు, పెళ్లి ఫొటోలు ఇంకా కొన్ని ఇళ్ల గోడలమీద ఉన్నాయి. మెడలోని కంటె, వెనుకనున్న కుర్చీ, పక్కబల్ల వాటిలో స్పష్టంగా కనిపిస్తాయి. ముందుగా వాటి నకళ్లు తీసుకోవాలి.