వారానికి మూడు జ్వరాలు

మా రావల్‌కోల్ నుండి మేడ్చల్ వైపు వెళ్ళినప్పుడల్లా శాంతా బయోటెక్నిక్స్ గుర్తుకు వస్తుంది. వరప్రసాదరెడ్డి గారు తల్లి శాంతమ్మ పేరిట 1993లో నెలకొల్పిన ఆ సంస్థ 1997లో హెపటైటిస్-బి టీకాను విడుదల చేసింది. ('హాసం' పత్రికను నడిపినదీ ఆయనే, మనబోటి వారికి ఆ పరిచయమే ఎక్కువ.) టీకా కథ అందరికీ తెలిసినదే. అదే సంస్థ 2002లో తెచ్చిన ఇంటర్‌ఫెరాన్ గురించి ఎవరూ అంతగా చెప్పుకోరు.

టీకా రోగం రాకుండా కాపాడుతుంది. వచ్చినవారికి ఆ రోజులలో ఇంటర్‌ఫెరాన్ ఒక దిక్కు. హెపటైటిస్-సి సోకిన మా చిన్నాయన ఒక ఏడాదిపాటు వారానికి మూడు సూదులు వేయించుకున్నారు, రైబావిరిన్ మాత్రలు మింగారు. సూది పడిన కొన్ని గంటలకే చలి, జ్వరం, ఒళ్ళు నొప్పులు. వైరస్‌ను ఎదిరించటానికి మన శరీరం తయారు చేసుకునే పదార్థమే ఇంటర్‌ఫెరాన్. ఫ్లూ జ్వరంలో మనం పడే బాధలో కొంత దాని పుణ్యమే. డాక్టరు సలహాపై సూదిని రాత్రికి మార్చి, పారాసిటమాల్ వేసుకుంటే జ్వరం నిద్రలోనే గడిచిపోయేది. రైబావిరిన్ వలన రక్తం తగ్గి ఆయాసం వస్తే మోతాదు తగ్గించారు.

దిగులుకు మాత్రం ఉపాయం దొరకలేదు. మాటకు ముందు కోపం, ఆ వెనుక కన్నీళ్ళు. అది మందు గుణమని మాకెవరూ ముందుగా చెప్పలేదు. ఆయన మారిపోయాడనుకుని చిన్నమ్మ లోలోపలే కుమిలిపోయింది.

ఇంత చేసినా రోగం తిరగబెట్టింది. 2015లో హైదరాబాదు నాట్కో సంస్థ సొఫోస్‌బువిర్ మాత్రలు విడుదల చేసింది. మరో మాత్రతో కలిపి పన్నెండు వారాల వైద్యం, సూది లేదు. సీసా చేతికి రాగానే చిన్నమ్మ అడిగింది:

"ఈ గోలీలకు కోపం రాదు గదా?"