అవ్వ చావుకు కదిలొచ్చిన వీధి: ఒక కొరియా సీరియల్ ముగింపు, దాని వెనక చరిత్ర

పోయినసారి రాసింది చాలా పొడుగైపోయిందని ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి చెప్పినారు. ఇదీ పొడుగే. పొద్దు దొరికినప్పుడు నిదానంగా చదవండి.

మన ఇళ్ళల్లో ఇప్పుడు కొరియా సీరియల్ చూడని ఇల్లు అరుదు. పిలకాయలు మొదలుపెడతారు, తర్వాత ఆడవాళ్ళు చూస్తారు, కడపటికి పెన్షన్ తీసుకునే మాలాంటివాళ్ళం కూడా కళ్ళద్దాలు తుడుచుకొని కూర్చుంటాం. వాళ్ళు అమ్మను ఒమ్మా అంటారు, నాయనను అప్పా అంటారు. తమిళం మధ్య పెరిగిన మన చెవికి అది భలే ఉంటుంది. హోమర్ హల్బర్ట్ అనే అమెరికా ఆయన 1905లోనే కొరియా భాషను, ద్రావిడ భాషలను పక్కపక్కన పెట్టి ఒక పుస్తకమే వేసినాడు. తర్వాత వచ్చిన భాషా పండితులు దాన్ని ఒప్పుకోలేదు. కాబట్టి అప్పా అన్నారు గదా అని మనం చుట్టరికం కలుపుకోనక్కర్లేదు. మేము ఇక్కడ రాసేది వేరే చుట్టరికం గురించి.

ఆ సీరియల్ పేరు 'మై మిస్టర్'. 2018 మార్చిలో మొదలై మే నెలలో ముగిసింది, మొత్తం 16 భాగాలు. దర్శకుడు కిమ్ వొన్-సోక్, రాసింది పార్క్ హే-యంగ్. కొరియా భాషలో దాని పేరులో 'అజొషి' అనే మాట ఉంది. మనం వీధిలో నడివయసు మగవాణ్ణి చూసి చిన్నాయనా, మామా అని పిలుస్తామే, అట్లాంటి మాట. పేరూ, ఆ ఇద్దరి వయసు తేడా చూసి మొదట్లో కొరియాలోనే చాలామంది ఆక్షేపించినారు. చూసినాక అది ప్రేమకథ కాదని అర్థమవుతుంది. గాయపడిన మనసులు ఎట్లా కుదుటపడతాయి అన్నదే దాని సంగతి. ముగింపు ముందే తెలిస్తే కోపం వచ్చేవాళ్ళు ఇక్కడే ఆపి, సీరియల్ చూసి రండి.

కథ రెండు మాటల్లో చెప్తాం. ఇ జి-అన్ అనే ఇరవై ఒక్కేళ్ళ పిల్ల. మాటా వినికిడీ లేని అవ్వ తప్ప ఎవరూ లేరు. అమ్మ చేసిన అప్పు ఈ పిల్ల తలమీద పడింది. ఒక కంపెనీలో టెంపరరీ ఉద్యోగం. రాత్రి ఇంటికి వచ్చి, ఆఫీసులోంచి ఎత్తుకొచ్చిన కాఫీ పొడి పొట్లాలు చించి వేడినీళ్ళలో కలుపుకొని తాగితే అదే భోజనం. అదే ఆఫీసులో పార్క్ డాంగ్-హూన్ అనే నడివయసు ఇంజనీరు. కట్టడం ఎంత బరువు తట్టుకుంటుందో లెక్కవేయడం ఆయన పని. ఆయన సొంత కాపురమే లోపల పగుళ్ళిచ్చి ఉంటుంది. అన్న ఉద్యోగం పోయి అప్పులపాలైనవాడు, తమ్ముడు సినిమా తీయబోయి చెడినవాడు. ఇద్దరూ కలిసి మెట్లు కడిగే పని మొదలుపెడతారు.

ఈ మనుషులు ఎక్కడినుంచి వచ్చినారో తెలియాలంటే 1997కు పోవాలి. ఆ ఏడాది జనవరిలో హాన్బో స్టీల్ కూలింది. వరుసగా పెద్ద పెద్ద కంపెనీలు తడబడినాయి, విదేశీ అప్పు తీర్చడానికి డాలర్లు లేకపోయినాయి. డిసెంబరు 3న కొరియా ప్రభుత్వం అంతర్జాతీయ ద్రవ్యనిధితో ఒప్పందం రాసుకుంది. అందరూ కలిసి ఇస్తామన్న సాయం సుమారు 5,800 కోట్ల డాలర్లు, అందులో నిధి వాటా 2,100 కోట్లు. అక్కడి జనం ఈనాటికీ ఆ కాలాన్ని 'ఐఎంఎఫ్' అనే పిలుస్తారు, మన పెద్దవాళ్ళు కరువు సంవత్సరాన్ని ఒక పేరు పెట్టి పిలిచినట్టు. 1998 మొదట్లో సుమారు 35 లక్షలమంది పెళ్ళి ఉంగరాలు, పిల్లల మొదటి పుట్టినరోజు ఉంగరాలు తెచ్చి ఇచ్చినారు. 227 టన్నుల బంగారం పోగైంది. అప్పు 2001 ఆగస్టుకే తీర్చేసినారు. ఈ బంగారం కథ అందరూ చెప్తారు. మేము చెప్పదలచింది దాని వెనకది.

నిరుద్యోగం 1997లో నూటికి మూడుకు లోపల ఉండేది, మరుసటేడు ఏడుకు చేరింది. ఒక కంపెనీలో చేరితే రిటైరయ్యేదాకా అక్కడే అనే నమ్మకం పోయింది. ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పలేక పొద్దున్నే సూటు వేసుకొని బయలుదేరి, పార్కులోనో కొండమీదనో కూర్చొని సాయంత్రం ఇల్లు చేరిన మగవాళ్ళ గురించి ఆనాటి పత్రికలు రాసినాయి. సియోల్ రైల్వే స్టేషను ఇల్లు లేనివాళ్ళకు ఇల్లయింది. రైల్వేలో పనిచేసిన మాకు ఇది చదవగానే కళ్ళముందు కనిపించింది. స్టేషను అన్నాక ఎవరినీ పూర్తిగా పొమ్మనలేదు గదా.

అదే 1998లో చట్టాలు మారినాయి. కంపెనీ ఇబ్బందిలో ఉంటే మనుషులను తీసేయవచ్చునని ఫిబ్రవరిలో కొత్త నిబంధన, ఏజెన్సీ ద్వారా మనుషులను తెచ్చి పనిచేయించుకోవచ్చునని జులైలో ఇంకొక చట్టం. జి-అన్ చేసే ఉద్యోగం ఆ రెండో చట్టం కన్న బిడ్డే. ఆ వేసవిలో ఉల్సాన్ హ్యుందాయ్ ఫ్యాక్టరీలో తీసివేతల మీద పెద్ద సమ్మె జరిగింది. కడపటికి తీసేసినవాళ్ళలో చాలామంది క్యాంటీన్‌లో వండిపెట్టే ఆడవాళ్ళు. సరిగ్గా అదే ఏడాది మన శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో శాంట్రో కార్లు బయటికి రావడం మొదలైంది. మన పిలకాయలకు కొత్త ఉద్యోగాలు వచ్చినాయని మనం సంతోషపడిన రోజులవి. అక్కడ అదే పేరున్న గేటు ముందర ఏం జరుగుతూ ఉండిందో మనకు తెలియదు.

ఇంక సీరియల్‌కు వద్దాం. మాకు బాగా నచ్చిన కట్టంలో ఏడుపులేదు, పాట లేదు. అవ్వను నర్సింగ్ హోములో పెట్టి దుడ్డు కట్టలేక జి-అన్ ఆమెను దొంగతనంగా ఇంటికి తెచ్చేసుకుంటుంది. ఆ సంగతి తెలిసిన డాంగ్-హూన్ ఒక మాట చెప్తాడు: మనవరాలికి అవ్వను పోషించే బాధ్యత చట్టంలో లేదు, నీ చిరునామా వేరుగా రాయించుకుంటే ఆమెకు ప్రభుత్వం ద్వారానే వసతి దొరుకుతుంది అని. నీకు ఇది చెప్పేవాళ్ళే లేకపోయినారా అని అడుగుతాడు. కొరియాలో ముసలివాళ్ళ దీర్ఘకాల సంరక్షణకు బీమా 2008 జులై నుంచే ఉంది. చట్టం ఉంది, ఆఫీసు ఉంది, ఫారం ఉంది. ఆ ఫారం ఉందని ఆ పిల్లకు చెప్పే మనిషి ఒక్కడూ లేడు. కౌంటరుకు ఇవతల ముప్పై ఏళ్ళకు పైగా కూర్చున్న మేము ఒప్పుకుంటాం, లోకంలో సగం కష్టం ఈ రకందే. ఏ పాసుకు ఏ కాగితం కావాలో తెలియక వెనక్కి పోయిన విధవలను ఎంతమందిని చూసినాం.

ముగింపుకు ముందు అవ్వ చనిపోతుంది. కొరియాలో చావు మూడు రోజుల కార్యం. ఆస్పత్రులకు ఆనుకొనే సావు మండపాలు ఉంటాయి. ఒక గదిలో పటం, పూలు. పక్క గదిలో వచ్చినవాళ్ళకు అన్నం, కారంగా గొడ్డుమాంసం పులుసు. వాకిట్లో దుడ్డు వేసిన కవర్లు తీసుకొని పేరు రాసుకుంటారు. మన పక్క పెళ్ళిలో మొయ్ రాస్తారే, చదివింపులు రాస్తారే, అది వాళ్ళకు చావులోనూ ఉంది. గది బయట మనిషెత్తు పూల స్టాండ్లు వరసగా నిలబెడతారు, ఒక్కొక్కదాని మీద పంపినవాళ్ళ పేరూ, హోదా. ఎన్ని స్టాండ్లు ఉంటే పోయినవాళ్ళకు అంత మర్యాద. ఒక్కటీ లేకపోతే ఆ ఇంటి గతి అందరికీ తెలిసిపోతుంది.

ఈ పూలకు కూడా చరిత్ర ఉంది. పెళ్ళిళ్ళకు, చావులకు జనం ఆడంబరం చేస్తున్నారని 1969లో ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. 1973లో పార్క్ చుంగ్-హీ కాలంలో దాన్ని శిక్షలతో గట్టిచేసినారు. పూల స్టాండ్లు పెట్టడం, వచ్చినవాళ్ళకు అన్నం పెట్టడం కూడా నిషేధమే. చావింట అన్నం పెడితే నేరం! జనం ఎంతవరకు విన్నారు అన్నది వేరే సంగతి. 1998లో రాజ్యాంగ న్యాయస్థానం పెళ్ళివిందు మీద నిషేధం చెల్లదని తీర్పు చెప్పింది, 1999లో ఆ చట్టమే పోయింది.

ఇంకా వెనక్కి పోతే మన చీటీల్లాంటివి కనిపిస్తాయి. వాళ్ళు 'గ్యె' అంటారు. పదిమంది చేరి నెలనెలా వేసుకొని ఒకరి తర్వాత ఒకరు తీసుకోవడం అందులో ఒక రకం. చావు ఖర్చుకని ప్రత్యేకంగా ఇంకొకటి ఉండేది. సభ్యుడి ఇంట్లో ఎవరైనా పోతే నారబట్ట, ధాన్యం, దుడ్డు ఇచ్చి, పాడె కూడా వాళ్ళే మోసేవాళ్ళు. పాడె ఊరి ఉమ్మడి సొత్తు, ఊరి చివర ఒక గుడిసెలో భద్రపరిచేవాళ్ళు. 16వ శతాబ్దంలో ఇ హ్వాంగ్, ఇ ఇ అనే పండితులు ఊళ్ళకు కట్టుబాట్లు రాసినారు. వాటిలో ఒక సూత్రం, ఆపదలో ఒకరినొకరు ఆదుకోవాలని. ఆ పండితుల బొమ్మలు ఇవాళ కొరియా 1,000, 5,000 వొన్ నోట్ల మీద ఉన్నాయి. ఊళ్ళు ఖాళీ అయి జనం సియోల్ చేరినాక పాడె మోసేవాళ్ళు లేకపోయినారు. ఆ పని సావు మండపాలు, కంపెనీలు తీసుకున్నాయి. ఉద్యోగం ఉంటే కంపెనీ వాళ్ళు వస్తారు, పూలు వస్తాయి. టెంపరరీ పిల్లకు ఎవరు వస్తారు?

అక్కడే ఆ సీరియల్ ముగింపు ఉంది. డాంగ్-హూన్ అన్న సాంగ్-హూన్, అప్పుల్లో మునిగినవాడు, ఇంటి నేలమీద పరిచిన షీటు కింద కొంచెం కొంచెంగా దాచుకున్న దుడ్డు ఉంటుంది. బతుకులో ఒక్కసారి ఘనంగా ఏమైనా చేయాలని దాచుకున్నది. అదంతా తీసి, తనకేమీ కాని ఒక ముసలామె చావుకు ఖర్చుపెట్టేస్తాడు. పూల స్టాండ్లు వరసగా వచ్చి నిలబడతాయి. ఆ పేటలో పొద్దున్నే బంతాట ఆడే నడివయసు మగవాళ్ళు, ఒకప్పుడు బ్యాంకులోనో కంపెనీలోనో పెద్ద పదవి చూసి దిగినవాళ్ళు, నల్లసూట్లు వేసుకొని వచ్చి గది నింపుతారు. పులుసు తాగుతారు, గొంతెత్తి మాట్లాడుకుంటారు, మధ్యలో బయటికి పోయి ఆవరణలో బంతి తంతారు. చావింట ఆట ఏమిటి అని మా ఇంటివాళ్ళు అన్నారు. మన పక్క సావు మేళం, పెద్దవాళ్ళు పోతే చేసే సందడి గుర్తుచేసినాం, సరే అన్నారు.

జి-అన్ అనే పేరుకు చైనా అక్షరాల్లో నెమ్మదిని చేరడం అని అర్థం. ఆ తర్వాత ఆమె ఉద్యోగానికి పుసాన్ పోతుంది. కొంతకాలానికి సియోల్‌లో ఒక కాఫీ అంగడిలో ఇద్దరూ అనుకోకుండా కలుస్తారు. ఆమె ముఖంలో నవ్వు, చుట్టూ తోటి ఉద్యోగులు. ఒకసారి తానే అన్నం కొనిపెడతానంటుంది. చేతులు కలుపుకొని ఎవరి దారిన వాళ్ళు పోతారు. చాలామంది ఈ కట్టానికే ఏడుస్తారు. మాకు మటుకు అంతకు కొంచెం ముందరిది మనసులో నిలిచింది. డాంగ్-హూన్ భార్య కొడుకు దగ్గరికి అమెరికా పోయింది. ఆయన ఖాళీ ఇంట్లో ఒంటరిగా అన్నం తింటూ ఉన్నట్టుండి ఏడ్చేస్తాడు. పిల్లను నిలబెట్టిన మనిషికి కూడా ఒక రాత్రి అట్లా ఉంటుందని చూపించినారు, ఎవరూ తలుపు తట్టలేదు. ఆ వేషం వేసిన ఇ సన్-గ్యున్ 2023 డిసెంబరులో పోయినారు. అప్పటినుంచి ఆ కట్టం చూడడం ఇంకా కష్టం.

అయినవాళ్ళు ఎవరూ రాని చావులకు కొరియాలో 'బంధం లేని మరణం' అనే ప్రభుత్వపు మాటే ఉంది. అట్లాంటివాళ్ళకు నగరమే సాంగ్యం జరిపించేలా సియోల్ 2018లో ఒక నిబంధన చేసుకుంది. ఈ సీరియల్ వచ్చిన ఏడాదే అది.

మన సంఘానికి వస్తాం. పెళ్ళి సంబంధాలకు మన దగ్గర రిజిస్టరు ఉంది. ఉగాదికి చందా రిజిస్టరు ఉంది. పిలకాయలు బెంగళూరులోనో విదేశంలోనో ఉండి, ఇక్కడ ఒక్కరే ఉంటున్న పెద్దవాళ్ళ పేర్లు ఎక్కడా రాసి లేవు. వాళ్ళకు రావలసిన పెన్షన్ కాగితం ఏదో, రాత్రి పన్నెండుకు ఏమైనా అయితే మొదట ఎవరికి ఫోన్ చేయాలో ఎవరికీ తెలియదు. రెండేళ్ళ కిందట మన పేటలో ఒకామె పోతే, పాడె పట్టడానికి నలుగురు చాలక శవ వాహనం డ్రైవరు ఒక పక్క పట్టినాడు. పేరు ఎందుకు, వచ్చినవాళ్ళకు తెలుసు.

మేము ఒక నోటుపుస్తకం కొని గీతలు గీసి పెట్టినాం: పేరు, ఇల్లు, తాళంచెవి ఎవరి దగ్గర, పిల్లల నంబరు, ఏ సాంగ్యం కావాలి. కడపటి గడి గురించి కొందరు అపశకునం అంటారని తెలుసు. వచ్చే ఆదివారం సమావేశానికి తెస్తాం. మొదటి పేజీలో మా ఇద్దరి పేర్లు రాసే ఉన్నాయి.