వంశలక్షణములకు గుర్తులు

వివాహసమయమున పురోహితుడు ప్రవర చెప్పునప్పుడు ముత్తాత, తాత, తండ్రి పేళ్లు వరుసగా వినవచ్చును. వంశమును జ్ఞాపకముంచుకొనుటకు మన పెద్దలు మాటను సాధనముగా గ్రహించిరి. వంశలక్షణములను పరిశోధించు శాస్త్రజ్ఞులు అక్షరములను, గళ్లను, చిన్న బొమ్మలను గ్రహించిరి. ఆ గుర్తులు చేసిన మేలును, ఒకప్పుడు చేసిన కీడును నేడు మనవి చేసెదను.

మొదటి గుర్తులు గ్రెగర్ మెండెల్ అను క్రైస్తవ సన్యాసివి. నేడు చెక్ దేశమునందున్న బ్ర్నో నగరపు మఠములో ఆయన 1856 మొదలు 1863 వరకు బఠాణీమొక్కలను పరీక్షించెను. గుండ్రని గింజల జాతిని ముడుతల గింజల జాతితో సంకరము చేయగా మొదట వచ్చినవన్నియు గుండ్రనివే. వానిని విత్తి తీసిన కాపులో 5,474 గుండ్రనివి, 1,850 ముడుతలవి. ఇంచుమించు మూటికి ఒకటి! పోయినదనుకొన్న ముడుత నశింపలేదు, దాగియుండెను.

ఈ సంగతి తెలుపుటకు మెండెల్ పైకి కనబడు గుణమునకు ఇంగ్లీషువారి పెద్ద అక్షరమును, దాగు గుణమునకు అదే అక్షరపు చిన్నరూపమును వాడెను. మన లిపిలో ఆ భేదము లేదు గనుక, దీర్ఘమైన ‘ఆ’ గుండ్రమనియు, హ్రస్వమైన ‘అ’ ముడుత అనియు అనుకొందము. ప్రతి మొక్కకును తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి, రెండక్షరములు వచ్చును. ‘ఆ’ ఒక్కటియున్నను గింజ గుండ్రమే.

1866లో అచ్చయిన ఈ వ్యాసమును లోకము గుర్తించినది 1900లో. అప్పటికి మెండెల్ మరణించి పదునారేండ్లు. పిమ్మట కేంబ్రిడ్జిలోని పన్నెట్ అను పండితుడు గళ్ల పటమును కల్పించెను. పలకపై నాలుగు గళ్లు గీయుడు. పైన తండ్రివి ‘ఆ’, ‘అ’. ప్రక్కన తల్లివి ‘ఆ’, ‘అ’. గళ్లలో ఆఆ, ఆఅ, అఆ, అఅ పడును. మూడు గుండ్రములు, ఒకటి ముడుత. అయితే నాలుగు గళ్లనగా నలుగురు బిడ్డలని కాదు. ప్రతి కాన్పునందును నాలుగింట ఒకపాలు అవకాశము క్రొత్తగా ఉండును.

మనుష్యుల వంశపటములో చదరము మగవాడు, వృత్తము ఆడుది, అడ్డగీత వివాహము, నిలువుగీత సంతానము, నలుపు రోగము. ఇంగ్లండు రాణి విక్టోరియా కుమారుడు లియొపోల్డు గాయమైన నెత్తురు గడ్డకట్టని రోగముతో 1884లో మరణించెను. ఆరోగ్యవతియైన ఆమె కుమార్తె ద్వారా, మనుమరాలి ద్వారా ఆ రోగమే 1904లో జన్మించిన రష్యా యువరాజునకు సంక్రమించెను. పురుషుల పేళ్లు మాత్రమే వ్రాసియుండినచో ఈ త్రోవ కానవచ్చెడిది కాదు.

ఇక కీడు. అమెరికాలో గాడర్డు అను నాతడు 1912లో ప్రకటించిన పటములలో ‘మందబుద్ధి’ అని ఎంచినవారిని నల్లగా నింపెను. చనిపోయినవారికి సైతము వినికిడిచేతనే ఆ నలుపు పడెను. అట్టి విశ్వాసముతోనే 1927లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము కారీ బక్ అను యువతిని గొడ్రాలిని చేయుటకు అనుమతించెను. ఏడునెలల ఆమె పసికందును చూచి, సరిగా లేదని సాక్ష్యము చెప్పిరి. ఆ బిడ్డయే పెరిగి బడిలో మంచి విద్యార్థినుల పట్టికకెక్కినది! ఇట్టి చట్టములకు అమెరికాలో అరువదివేలకు మించిన జనము బలియైరి.

మనలో మేనరికములు కలవు. దగ్గర బంధువులిద్దరియందును ఒకే అక్షరము దాగియుండుట పరాయివారికంటె సులభము. కావున సంబంధము కలుపుటకు ముందు, ఇంట పుట్టుకతో వచ్చిన రోగములను వైద్యునితో చెప్పి పటము గీయించుట మేలు. వైద్యుడు పరీక్షించి తేల్చినదానికే నలుపు పడవలెను. ఇరుగుపొరుగువారి మాటకు పడరాదు. రోగియైన బిడ్డను కన్న కోడలిని నిందింపరాదు. అఅ అను గడిలో ఒక అక్షరము తండ్రిదే. దాగిన అక్షరమును ఎవరును కోరి తెచ్చుకొనలేదు.